సెకండ్ హ్యాండ్ కార్ల షాపు లెక్క: లాభం ఎక్కడ, బాధ్యత ఎవరిది?

ఇవ్వాళ్టి ఎపిసోడ్ సెకండ్ హ్యాండ్ కార్ల షాపు గురించి. ఏ కారు కొనాలి, మైలేజ్ ఎంత వస్తుంది అని చెప్పే వీడియోలు మీ ఫోన్‌లో చాలానే వస్తుంటాయి. మనం వేరే సంగతి మాట్లాడుకుందాం. ఆ షాపాయనకు లాభం ఎక్కడ వస్తుంది, ఆయన లెక్క ఎట్లా రాస్తాడు? అది తెలిస్తే ఆయన్ని ఏం అడగాలో మీకే అర్థమవుతుంది.

మనది ఇబ్రహీంపట్నం. హైదరాబాద్ దగ్గరిది కాదు, విజయవాడ దగ్గరిది కాదు. మెట్‌పల్లి పక్కన, జగిత్యాల జిల్లాలో ఉన్నది. మన దగ్గర కోరుట్ల నుంచి సిరిసిల్ల దాకా గల్ఫ్‌కు పోయినవాళ్లు చాలామంది. సెలవు మీద వచ్చినప్పుడు కారు కొనేవాళ్లు ఉంటారు, తిరిగి పోయే ముందు తొందరలో అమ్మేవాళ్లు ఉంటారు. సంతకం పెట్టి, పైసలు తీసుకుని, ఫ్లైట్ ఎక్కేస్తే పని అయిపోయింది అనుకుంటారు. అక్కడ పెద్ద ప్రమాదం ఉంది. అది చివర్లో చెప్తాను, ముందు షాపు సంగతి చూద్దాం.

షాపులు రెండు రకాలు. ఒక షాపు తన సొంత పైసలతో కారు కొని, బాగుచేసి అమ్ముతుంది. ఇంకో షాపు ఓనర్ కారును తన దగ్గర పెట్టుకుని, గిరాకీని చూపించి కమీషన్ తీసుకుంటుంది. బయట నుంచి చూస్తే రెండూ ఒకటే, లెక్కల పుస్తకంలో మాత్రం పూర్తిగా వేరు. మొదటి షాపుకు కారు సొంత సరుకు. 3,60,000కు అమ్మితే మొత్తం 3,60,000 అమ్మకం కింద రాస్తుంది. రెండో షాపుకు కారు తనది కాదు కాబట్టి, 10,000 కమీషన్ వస్తే ఆ 10,000 మాత్రమే ఆదాయం. కారు అమ్ముడుపోకపోతే నష్టం ఎవరిది, ధర నిర్ణయించేది ఎవరు? అకౌంటింగ్‌లో ఈ ప్రశ్నలతోనే ఈ రెండు రకాలను విడదీస్తారు.

మీకు దీనితో పనేంటి అంటారా? కమీషన్ షాపులో మీకు అమ్మేది షాపు కాదు, ఆర్‌సీలో పేరున్న ఓనర్. రేపు ఇంజన్‌లో లోపం బయటపడితే షాపాయన "నేను మధ్యవర్తిని మాత్రమే" అంటాడు. అందుకే మొదటి ప్రశ్న ఇది: "అన్నా, బిల్లు ఎవరి పేరు మీద ఇస్తున్నరు?"

ఇప్పుడు సొంత సరుకు షాపు లాభం చూద్దాం. ఇవి ఉదాహరణ కోసం వేసుకున్న అంకెలు. కారు 3,00,000కు కొన్నాడు. టైర్లు, డెంటింగ్, పెయింటింగ్ కలిపి 30,000 పెట్టాడు. 3,60,000కు అమ్మాడు. చూడటానికి 30,000 లాభం. కానీ జీఎస్టీ ఉంది. 2024 డిసెంబర్ 21న జైసల్మేర్‌లో జరిగిన జీఎస్టీ కౌన్సిల్ సమావేశంలో పాత కార్లన్నిటికీ, ఎలక్ట్రిక్ కార్లతో సహా, 18 శాతం రేటు సిఫారసు చేశారు. అంతకుముందు చిన్న కార్లకు 12 శాతం ఉండేది. 2025 జనవరిలో కొత్త రేటు అమల్లోకి వచ్చింది. అయితే ఆ 18 శాతం కారు ధర మొత్తం మీద కాదు. కొన్న ధరకు, అమ్మిన ధరకు మధ్య తేడా మీద. రిపేర్ ఖర్చు అందులోంచి తీసెయ్యరు. అంటే 60,000 మీద 10,800 పన్ను. మిగిలింది 19,200.

ఆ టైంలో వాట్సాప్‌లో ఒక మాట బాగా తిరిగింది: "మీ కారు నష్టానికి అమ్మినా జీఎస్టీ కట్టాలి" అని. అది తప్పు. జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేని మామూలు మనిషి తన కారు అమ్ముకుంటే ఈ పన్ను లేదు. డీలర్‌కు కూడా కొన్న ధర కంటే తక్కువకు అమ్మితే పన్ను లేదు. తేడా మీద పన్ను కట్టే షాపు మిమ్మల్ని మొత్తం 3,60,000 మీద 18 శాతం వేరుగా అడిగిందనుకోండి, అది 64,800 అవుతుంది. ఇవ్వకండి, లెక్క అడగండి.

ఇంకా వడ్డీ ఉంది. కారు మీద ఆగిన డబ్బు 3,30,000. రెండు రూపాయల వడ్డీకి తెచ్చాడనుకుంటే నెలకు 6,600. నెలలో అమ్ముడుపోతే చేతిలో 12,600 మిగులుతుంది. మూడు నెలలు ఆగితే వడ్డీ 19,800. లాభం పోయి, ఎదురు 600 నష్టం. షాపు కిరాయి ఇంకా లెక్కలోకే రాలేదు. అందుకే ఎక్కువ రోజులు ఆగిన కారు మీద బేరం తొందరగా తెగుతుంది. "ఈ బండి వచ్చి ఎన్ని రోజులైంది?" అని అడగండి.

మార్చి 31న ఇంకో లెక్క ఉంటుంది. కారుకు అయిన ఖర్చు 3,30,000. మార్కెట్‌లో ఇప్పుడు అమ్మకం ఖర్చులు పోను 3,10,000 మాత్రమే వస్తుందనుకుందాం. పద్ధతిగా రాసే షాపు ఏది తక్కువైతే అదే సరుకు విలువగా చూపించాలి. 20,000 నష్టం ఆ ఏడాదిలోనే రాసుకోవాలి. అట్లాగే మీరిచ్చిన అడ్వాన్స్ ఆదాయం కాదు. కారు మీ చేతికి వచ్చేదాకా షాపు మీకు బాకీ ఉన్నట్టే. కాబట్టి అడ్వాన్స్‌కు రసీదు తప్పకుండా తీసుకోండి.

ఇప్పుడు ముందు చెప్తానన్న సంగతి. షాపుకు అమ్మేటప్పుడు ఫారం 29, ఫారం 30 మీద సంతకం పెట్టించుకుంటారు. ట్రాన్స్‌ఫర్ వెంటనే చేయని షాపులు ఉంటాయి. ఎందుకు? ఆర్‌సీలో ఒక ఓనర్ పెరిగితే ధర తగ్గుతుంది, ఖర్చు కూడా ఉంటుంది. ఈలోపు ఆ కారుతో యాక్సిడెంట్ జరిగితే? 2018 ఫిబ్రవరి 6న సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. కారు చేతులు మారినా, ఆర్‌సీలో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో ఓనర్ ఆయనే. నష్టపరిహారం ఆయన మీదికే వస్తుంది. ఆ కేసులో కారు నాలుగు చేతులు మారింది, ఆర్‌సీ మాత్రం మొదటి ఆయన పేరు మీదే ఉంది. దుబాయ్‌లో పని చేసుకునే తమ్ముడికి జగిత్యాల నుంచి కోర్టు నోటీసు వస్తే ఎట్లుంటుందో ఆలోచించండి.

దీనికి ఒక దారి ఉంది. 2023 ఏప్రిల్ 1 నుంచి పాత వాహనాల డీలర్లకు కొత్త రూల్స్ వచ్చాయి. డీలర్ రవాణా శాఖ దగ్గర అనుమతి పత్రం తీసుకోవాలి. ఐదేళ్లు చెల్లుతుంది. కారు ఆ డీలర్‌కు అప్పగించినట్టు ఆన్‌లైన్‌లో తెలియజేస్తే, అక్కడి నుంచి బాధ్యత డీలర్‌దే. అట్లాంటి డీలర్ దొరక్కపోతే, కొన్నవాళ్ల పేరు మీదికి ఆర్‌సీ మారిందో లేదో ఫోన్‌లో ఎంపరివాహన్ యాప్‌లో మీరే చూసుకోండి. అమ్మినట్టు 14 రోజుల్లో ఆర్టీఏకు తెలియజేయడం అమ్మినవాళ్ల బాధ్యత, అది రాష్ట్రంలోపల అమ్మితే. లోన్ ఉంటే బ్యాంక్ ఎన్‌ఓసీ, ఫారం 35 కూడా కావాలి.

మీ ఇంట్లో ఎవరైనా కారు అమ్మి గల్ఫ్ పోయి ఉంటే, ఈ వీడియో అయిపోగానే ఆ నంబర్ కొట్టి ఓనర్ పేరు చూడండి. ఇంకా మీవాళ్ల పేరే కనిపిస్తే, ఇవ్వాళే ఆ షాపుకు ఫోన్ చేయండి. వచ్చే ఎపిసోడ్‌లో మళ్లీ కలుద్దాం. నమస్తే.