రాసే అక్కలకు సంఘం అండ

(దోమకొండ మండల మహిళా సమాఖ్య వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం)



అప్పులు, వసూళ్ల లెక్కలు ఇంతకుముందే విన్నరు. మేము ఇంకో మాట చెప్పేందుకు నిలబడ్డం. మన సంఘాలల్ల రాసే ఆడవాళ్లున్నరు. బీడీల చాట పక్కకు పెట్టి పిల్లల పాత నోటుబుక్కుల రాసుకునేటోళ్లు, బతుకమ్మకు కొత్త పాట కట్టేటోళ్లు ఉన్నరు. రాసింది మాత్రం బియ్యం డబ్బా వెనుక దాస్తరు. ఇంట్ల చూస్తే, ఎవరి గురించి రాసినవని అడుగుతరు గదా!

ఈ భయం ఒక్కామెతోని పోయేది కాదు. 2001లో చిత్తూరు జిల్లా పొదుపు సంఘాల మహిళలు ‘నవోదయం’ అనే పత్రిక మొదలుపెట్టిన్రు. పల్లెటూరి ఆడవాళ్లే ఊర్లు తిరిగి వార్తలు రాసిన్రు. వాళ్ల వెనుక సంఘం ఉంది కాబట్టే ఆ కలం నిలబడ్డదని మేము అనుకుంటున్నం. హైదరాబాదులో కొండవీటి సత్యవతి గారి సంపాదకత్వంలో 1993లో మొదలైన ‘భూమిక’ కూడా రచయిత్రులను కూడగట్టి, కలిసి యాత్రలకు తీసుకపోయింది. కష్టంల ఉన్న ఆడవాళ్ల కోసం 2006లో హెల్ప్‌లైన్ కూడా పెట్టింది.

రాతతోని ఏమొస్తది అంటరా? నెల్లూరు జిల్లా దూబగుంటల అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్లు వాచకంల సీతమ్మ కథ చదివిన్రు. అది తమ ఇంటి కథే అనిపించింది. 1992ల సారా మీద లేసిన్రు. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రంల సారా బంద్ అయింది.

టైమ్ ఎక్కడిదని కొందరు అక్కలు అంటున్నరు. నిజమే, బీడీలు చేసేటామెకు అరగంట అంటే కూలి పోయినట్టే. అందుకే వేరే రోజు అడుగుతలేం. నెలనెలా గ్రామ సంఘం మీటింగుల, వసూళ్లు అయినంక అరగంట ఇయ్యండ్రి. రాసినామె చదవాలె. రాయరానామె చెప్తే వీవోఏ గానీ, చదువుకునే బిడ్డ గానీ రాయాలె. పేరు పెట్టుడు, పెట్టకపోవుడు రాసినామె ఇష్టం. ఇంట్ల దాచుకోలేనామె నోటుబుక్కును సంఘం బీరువాల, తీర్మానాల పుస్తకం పక్కన పెట్టుకోవచ్చు. రాసినందుకు ఇంట్ల లొల్లి అయితే సంఘం నుంచి ఇద్దరు పోయి మాట్లాడాలె. కిస్తీ ఆగితే పోతలేమా, దీనికెందుకు పోము?

దీని మీద ఇయ్యాల్నే తీర్మానం చెయ్యాలని కోరుతున్నం. వచ్చే నెల మీటింగుకు నోటుబుక్కులు తెచ్చుకోండ్రి. పెన్నులు మేము తెస్తం.