పాత విద్యుత్ కారును మార్చవలెనా?

విద్యుత్తుతో నడచు కారు మన పట్టణములలో వింతవస్తువుగా ఉండిన కాలము గడచిపోయినది. 2020 ప్రాంతమున ధైర్యము చేసి అట్టి పెద్దకార్లను, అనగా ఎస్.యు.వి.లను, మొదట కొనినవారి ఇండ్లలో ఇప్పుడొక కొత్త ప్రశ్న పుట్టినది. “ఇంతకంటె ఎక్కువ దూరము పోవు బండ్లు వచ్చినవి గదా, దీనిని ఇచ్చివేసి దానిని తెచ్చుకొందమా?” అని. ఈ ప్రశ్నకు అన్ని ఇండ్లకును ఒకే సమాధానము లేదు. కాని సమాధానమునకు చేర్చు లెక్క ఒకటి కలదు. దానినే నేడు శ్రోతలకు మనవి చేయదలచితిని.

మాట తేటపడుటకు ఒక ఉదాహరణము తీసికొందము. టాటావారి నెక్సాన్ విద్యుత్ కారు 2020 జనవరిలో విపణికి వచ్చినది. దాని బ్యాటరీ 30.2 యూనిట్లు పట్టును. ఈ యూనిట్ మన ఇంటి కరెంటు బిల్లులో కనబడు యూనిటే. అదే పేరుతో 2024 సెప్టెంబరులో వచ్చిన బండి బ్యాటరీ 45 యూనిట్లు పట్టును. షోరూములో ప్రారంభ ధర నాడు 13 లక్షల 99 వేలు. ఈ పెద్ద బ్యాటరీ బండి విపణికి వచ్చినపుడు దానికిని అంతియే. అదే సొమ్మునకు ఒకటిన్నర రెట్లు పట్టు బ్యాటరీ లభించుచుండగా, పాతబండికి కొనువాడు మంచి ధర ఏల ఇచ్చును? అమ్మబోయినవారికి ఆశాభంగము కలుగుటకు కారణమిదియే.

ఇక దూరము మాట. కంపెనీవారు మొదటి బండికి 312 కిలోమీటర్లనియు, కొత్తదానికి 489 అనియు ప్రకటించిరి. ఈ ప్రకటిత అంకెలపైననే ఆధారపడరాదు. యూనిట్ల లెక్కయే నమ్మదగినది. రహదారిపై వేగముగా, చల్లదన యంత్రము వేసికొని పోవునపుడు యూనిట్‌కు ఆరు కిలోమీటర్లు వచ్చుననుకొందము. పాత బ్యాటరీలో పదవవంతు శక్తి తరిగినదనుకొన్నచో 27 యూనిట్లు మిగులును. అనగా 162 కిలోమీటర్లు. అందులో కొంత నిలువ ఉంచుకొనవలెను గనుక 145 మాత్రమే చేతిలోనివి.

హైదరాబాదు నుండి విజయవాడ సుమారు 275 కిలోమీటర్లు. పాతబండి సూర్యాపేట చేరుసరికి అలసిపోవును. అచ్చట మరల దాదాపు నిండుగా ఛార్జి చేయవలెను. గంటకు పైగా పట్టును. కొత్తబండికిని మార్గమధ్యమున ఒక విరామము తప్పదు గాని, పావుగంటయో ఇరువది నిమిషములో చాలును. ఈ వ్యత్యాసము నెలకు రెండుమారులు వృద్ధులైన తలిదండ్రులతో ప్రయాణము చేయువారికి పెద్దది. సంవత్సరమునకొకమారు పోవువారికి అది ఒక కాఫీ, ఒక దినపత్రిక మాత్రమే.

పెక్కుమంది మరచు సంగతి ఒకటి ఉన్నది. పెట్రోలు బండి నుండి విద్యుత్ బండికి మారినపుడు ప్రతి నెలయు సొమ్ము మిగిలినది. విద్యుత్ బండి నుండి విద్యుత్ బండికి మారినపుడు మిగులునది దాదాపు శూన్యము. మార్పునకు ఏడు లక్షలు పైన వేయవలసివచ్చినదనుకొందము. నూటికి ఏడు వడ్డీ చొప్పున దానిపై ఏటికి 49 వేలు పోవును. ఆ సొమ్ము పిల్లల కళాశాల రుసుమునకు ఉంచినదైనచో, కొనుట దూరప్రయాణముల కొరకా, ఇరుగుపొరుగు చూపుల కొరకా అని ఇంటిల్లిపాది కూర్చుండి విచారించుకొనవలెను.

బండిని నిందించుటకు ముందు దానికి పరీక్ష చేయింపవలెను. బ్యాటరీ ఆరోగ్యము నూటికెంత ఉన్నదో సేవాకేంద్రమున యంత్రము పెట్టి చూచి చెప్పుదురు. ఆ అంకెను వ్రాతమూలముగా అడిగి తీసికొనుడు. టైర్లలో గాలి తగ్గినను దూరము తగ్గును. దీపములకును, తాళములకును విద్యుత్తునిచ్చు పన్నెండు వోల్టుల చిన్న బ్యాటరీ చెడినను బండి కదలక మొరాయించును; పాపము, నింద మాత్రము పెద్ద బ్యాటరీపై పడును. ఆ చిన్నదానిని మార్చుటకగు వ్యయము స్వల్పము.

పూచీగడువు రెండవ విషయము. 2020 నాటి ఆ బండికి బ్యాటరీ పూచీ ఎనిమిదేండ్లు లేక 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైన అది. అనగా 2020 ఆరంభమున కొనినవారికి 2028 ఆరంభమున ముగియును. ఎట్లును అమ్మదలచినవారు ఆ గడువు కొంత మిగిలియుండగా అమ్ముట మేలు. గడువు దాటిన బండిని కొనువాడు బ్యాటరీ భయమును ధరలో తగ్గించి అడుగును. తెలంగాణ ప్రభుత్వము 2024 నవంబరు ఉత్తర్వున విద్యుత్ వాహనములకు రోడ్డు పన్నును, రిజిస్ట్రేషను రుసుమును 2026 డిసెంబరు 31 వరకు మినహాయించినది. కొత్తది కొనువారు తాము కొనునాటికి అట్టి మినహాయింపు ఉన్నదో లేదో విచారించి లెక్కలో చేర్చుకొనవలెను.

సొమ్ముతో తూచరాని విషయము మూడవది: రక్షణ. మొదటి బండిలో గాలిసంచులు రెండు. 2023లో సవరించిన బండిలో ఆరు. జారుడు రోడ్డుపై బండి అదుపు తప్పకుండ కాచు ఏర్పాటును అన్ని రకములకు ఇచ్చిరి. పసిపిల్లలను వెనుక కూర్చుండబెట్టుకొని తరచు రహదారిపై పోవువారు దీనిని తేలికగా తీసివేయరాదు.

కావున నా సలహా ఇది. ఒక నోటుపుస్తకమున మూడు నెలలపాటు ప్రతిదినము తిరిగిన దూరమును వ్రాయుడు. దినమునకు నూరు కిలోమీటర్లకు లోబడి తిరుగుచు, బ్యాటరీ ఆరోగ్యము బాగుండి, దూరమునకు రైలు అందుబాటులో ఉన్నవారు పాతబండినే నిశ్చింతగా ఉంచుకొనవచ్చును. ఇంటిలో రాత్రి ఛార్జి చేసికొను వసతి ఉన్నచో వారికి కొత్తబండి ఇచ్చు అదనపు సుఖము బహుస్వల్పము. తరచు దూరము పోవువారు, పూచీగడువు దగ్గరపడినవారు, అప్పు చేయకయే మార్చగలవారు మార్చుటలో తప్పులేదు. వారు అమ్మిన బండి ఊరిలోపల తిరుగు మరియొక ఇంటికి చక్కగా ఉపకరించును.

ఈ రెండు తెగలకును నడుమ ఉన్నవారు తొందరపడనక్కరలేదు. నోటుపుస్తకములోని అంకెలే వారికి దారి చూపును.