గైర్హాజరు అని రాసే ముందు

నేను పదో తరగతి వరకే చదివిన. మాటల్లో తప్పులుంటే మన్నించండి.

2021లో మా గ్రూపు హాజరు పుస్తకం తీస్తే నా పేరు ఎదురుగా వరుసగా మూడుసార్లు ‘గైర్హాజరు’ అని ఉంటది. పక్కన జరిమానా కూడా ఉంటది. ఆ రోజులల్ల నాకేమైందో ఈరోజు చెప్తా.

నేను దిల్‌సుఖ్‌నగర్ బట్టల దుకాణాలకు బ్లౌజులు కుట్టి, చీరలకు ఫాల్ వేసేదాన్ని. లాక్‌డౌన్‌తోని పని తగ్గింది, అప్పు పెరిగింది, నిద్ర పోయింది. మిషన్ ముందు కూర్చుంటే సూదిలో దారం ఎక్కించడానికి కూడా చెయ్యి లేచేది కాదు. నేను లేకపోతేనే పిల్లలు బాగుంటరేమో అనుకునేదాన్ని. ఇంట్లో గాలి సోకిందని తాయెత్తు కట్టించిన్రు. కొందరు బద్ధకం అన్నరు.

మా గ్రూపులో ఒక అక్క జరిమానా అడగడానికని వచ్చింది. నన్ను చూసి పైసల ముచ్చటే ఎత్తలేదు. పక్కన కూర్చొని చిక్కుడుకాయల ఈనెలు తీసుకుంటూ, “చెల్లె, తిని ఎన్ని రోజులైంది?” అన్నది. చచ్చిపోవాలనిపిస్తుందని మొదటిసారి ఆమెకే చెప్పిన. “ఎర్రగడ్డ పోదాం” అన్నది.

మన దగ్గర ఎర్రగడ్డ అంటే తిట్టు కదా. “నాకేమన్నా పిచ్చా?” అని ఆమె మీదికి లేచిన. “నేను బీపీ గోలీ మింగుతలేనా? ఇదీ అంతే” అన్నది.

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కితే ఎక్కడా మారకుండా ఎర్రగడ్డలో దిగొచ్చు. ఎవరన్నా చూస్తరని దారంతా ముఖానికి కొంగు కప్పుకున్న. తీరా లైన్‌లో చూస్తే కాలేజీ పిల్లలు, ముసలోళ్లు, చంటిబిడ్డల తల్లులు, అందరూ మనలాంటోళ్లే.

ఓపీ చీటీ రాసేకాడ “ఏం పని చేస్తవమ్మా?” అని అడిగిన్రు. “ఏం లేదు, ఇంట్లనే” అన్న. అక్క వెంటనే “టైలర్ అని రాయండి” అన్నది. పదేళ్లు కుట్టిన, పిల్లల ఫీజులు కట్టిన. నా పనికి ఒక పేరుందని నేనే మర్చిపోయిన. ఆ చీటీ ఇప్పటికీ నా పొదుపు పాస్‌బుక్కులో ఉంది.

ఇది డిప్రెషన్ అనే జబ్బు, నీ తప్పు కాదని డాక్టరమ్మ చెప్పింది. గోలీల గుణం తెలియడానికి రెండు మూడు వారాలు పడ్తదని, తగ్గిందని మధ్యలో ఆపొద్దని అన్నది. నేను ఒకసారి ఆపి, మళ్లీ మంచం పట్టిన. ఆ తర్వాత ఆమె చెప్పేదాకా ఆపలేదు.

మన పంచసూత్రాల్లో మొదటిది క్రమం తప్పని సమావేశం. దానికి నాదొక విన్నపం. ఒక అక్క వరుసగా రెండు మీటింగులు రాకపోతే, జరిమానా రాసే ముందు ఇద్దరం ఆమె ఇంటికి పోదాం. అప్పు గురించి కాదు, తిన్నదా, పడుకున్నదా అని అడుగుదాం. చావు మాట అంటే ఒంటరిగా వదలొద్దు. టెలి మానస్ 14416కు ఫోన్ చేయొచ్చు. పైసలు పడవు, రాత్రైనా పగలైనా తెలుగులో మాట్లాడ్తరు. మా గ్రూపు ఆ నంబరును హాజరు పుస్తకం అట్ట మీద రాసుకున్నది. మీరూ రాసుకోండి.

ఆ అక్క ఈ హాల్లోనే ఉంది. పేరు చెప్పొద్దన్నది.