చిన్న మాటకు పూచీ ఎవరు?



బుట్టాయగూడెం, జీలుగుమిల్లి, వేలేరుపాడు, కుక్కునూరు మండలాల నుంచి వచ్చినవారు ఈ సభలో ఉన్నారు. ఉద్యోగాల కోసం ఏలూరులో, తాడేపల్లిగూడెంలో స్థిరపడినవారు ఉన్నారు. కొల్లేరు చుట్టుపక్కల ఊళ్ళ నుంచి యానాది, ఎరుకల బంధువులు కూడా వచ్చారు. మన భాషలు వేరు, చేసే పనులు వేరు. అందరి చేతిలోనూ ఉన్నది మాత్రం ఫోను. అందులో రాసే నాలుగు ముక్కల మాట మన బేరాన్ని, బంధుత్వాన్ని, ఊరి వ్యవహారాన్ని ఎలా మారుస్తోందో ఈ రోజు మాట్లాడుకుందాం.

ఈ పొట్టి రాతకు ట్విట్టర్ పేరు తెచ్చింది. 2006 మార్చి 21న అందులో మొదటి ట్వీట్ వచ్చింది. అప్పట్లో ఫోను ఎస్సెమ్మెస్‌లో 160 అక్షరాలే పట్టేవి. అందులో 20 పేరుకు వదిలి, మాటకు 140 ఇచ్చారు. 2017 నవంబరులో దాన్ని 280 చేశారు. 2023 జూలైలో ట్విట్టర్ పేరు ఎక్స్ అయింది. మన తెలుగుకు ఈ లెక్కలో ఒక ఇబ్బంది ఉంది. గుణింతం గుర్తును, పొల్లును కూడా విడిగా లెక్కిస్తారు. ‘లక్ష్మి’ అని రాస్తే మన కంటికి రెండక్షరాలు, ఆ లెక్కలో ఏడు. కోయ మాటను తెలుగు లిపిలో రాసినా ఇదే లెక్క. అందుకని మనవాళ్ళు మాటను కుదించి రాస్తారు. కుదించేటప్పుడు ముందుగా ఎగిరిపోయేవి ఊరి పేరు, తేదీ, చెప్పిన మనిషి పేరు. అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది.

పూర్వం ఊళ్ళో చాటింపు వేసేవారు. అదీ పొట్టి మాటే. కానీ డప్పు కొట్టిన మనిషి ఎదురుగా ఉండేవాడు. ‘ఎవరు చెప్పమన్నారయ్యా?’ అని అడిగితే జవాబు దొరికేది. మాటకు ఒక పూచీ ఉండేది. ఫోనులో వచ్చే మాటకు పూచీ ఎవరు? ఈ ఒక్క ప్రశ్న పట్టుకునే మిగతా సంగతులు చూద్దాం.

ముందు బేరం సంగతి. అరకు కాఫీకి 2019లో భౌగోళిక సూచిక వచ్చింది. 2024 జూన్ 30న ప్రధానమంత్రి ‘మన్ కీ బాత్’లో దాని గురించి చెప్పారు, ఎక్స్‌లో కూడా రాశారు. దానితో అరకు పేరు మరింతమంది నోట నానింది. అయితే ఆ పొట్టి మాట వెనక ఎన్నో ఏళ్ళ పని ఉంది. తోటలు పెంచిన గిరిజన రైతులు ఉన్నారు, 1956 నుంచి పనిచేస్తున్న గిరిజన సహకార సంస్థ ఉంది, నమోదైన పేరు ఉంది. మన పిల్లలు తేనె, చింతపండు, జీడిపప్పు ఫోటోలు పెట్టి అమ్ముదామంటున్నారు. సంతోషమే. ‘స్వచ్ఛమైన అడవి తేనె’ అని అందరూ రాస్తారు. మనం ఏ ఊరి తేనె, ఎప్పుడు పిండింది, తూకం ఎవరు వేశారు, బాగాలేకపోతే ఎవరికి తిరిగి ఇవ్వాలి అన్నవి కూడా రాయాలి. మొదటి సీసా ఫోటో చూసి కొంటారు. రెండో సీసా మన పూచీ చూసి కొంటారు.

బేరాన్ని పడగొట్టే పొట్టి మాటలూ ఉన్నాయి. 2025 జూలై 30న అమెరికా అధ్యక్షుడు ట్రంప్ తన ట్రూత్ సోషల్ ఖాతాలో భారత సరుకుపై 25 శాతం సుంకం అని రాశారు. ఆగస్టులో అది 50 శాతానికి పెరిగింది. మన రొయ్యకు పెద్ద కొనుగోలుదారు అమెరికాయే. కైకలూరు, ఆకివీడు, భీమవరం వైపు రైతులు ధర పడిపోతోందని మొరపెట్టుకున్నారు. చెరువు రైతుకు కనీసం కౌంటు ధర తెలుస్తుంది. గట్టు మీద కాపలా ఉండే కుటుంబానికి, పట్టుబడికి వెళ్ళే కూలీకి ‘రేటు లేదు, కూలి తగ్గించాం’ అన్న మాట ఒక్కటే అందుతుంది. ఎక్కడో రాసిన నాలుగు ముక్కలకు ఇక్కడి కూలి పూచీ పడకూడదు. అందుకే కూలి సంగతి పని మొదలయ్యేముందే మాట్లాడుకుని, కాగితం మీద పెట్టుకోవాలని మా సంఘం చెబుతోంది.

ఇక బంధుత్వం. పోలవరం ముంపు ఊళ్ళ నుంచి కోయ, కొండరెడ్డి కుటుంబాలు లేచి పునరావాస కాలనీలకు వెళ్ళాయి. ఒక ఊరివాళ్ళు ఒకచోట లేరు. పెళ్ళి కబురు, చావు కబురు ఇప్పుడు ఫోనులోనే వెళ్తోంది. అది లేకపోతే ఆ ఊరు పూర్తిగా చెదిరిపోయేది. మరో మేలు కూడా ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో కోయతో సహా ఎనిమిది గిరిజన భాషల్లో చిన్న తరగతుల చదువు మొదలుపెట్టారు. ఆ భాష బడి దాటి, కుర్రవాళ్ళ స్టేటస్‌లలో కనిపిస్తోందంటే మనకు గర్వం. కానీ చావు కబురు కింద చేతులు జోడించిన బొమ్మ పెడితే పరామర్శ అయిపోదు. మన ఆచారంలో పరామర్శ అంటే వెళ్ళి కూర్చోవడం. ఫోను కబురు చేర్చడానికే. వెళ్ళవలసింది మనమే.

మన కొమ్ము నృత్యం వీడియోలను బయటివాళ్ళు తీసి ‘అడవి మనుషుల డాన్స్’ అని పెడుతున్నారు. డోలు కొట్టినవారి ఊరు లేదు, తెగ పేరు లేదు, అడిగి తీశారో లేదో తెలియదు. పేరు తీసేసిన మాట మనుషులను చిన్నబుచ్చుతుంది. మన గురించి మనమే పేరుతో, ఊరుతో రాయడం దీనికి సరైన జవాబు.

చివరగా ఊరి వ్యవహారం. ఏలూరు వాళ్ళు 2020 డిసెంబరును మరచిపోలేరు. 5వ తేదీ నుంచి జనం మూర్ఛతో పడిపోయారు. 500 మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. కారణం తెలియకముందే నీళ్ళని ఒకరు, దోమల మందని ఒకరు, కూరగాయలని ఒకరు ఫోనుల్లో తిప్పారు. తర్వాత ఎయిమ్స్ పరీక్షల్లో రక్త నమూనాలలో సీసం, నికెల్ కనిపించాయి. పరీక్షకు కొన్ని రోజులు పట్టింది. పుకారుకు నిమిషం పట్టలేదు. పూచీ లేని మాట వల్ల తాగే నీటినీ, తినే తిండినీ అనుమానిస్తూ జనం ఇంకా భయపడ్డారు.

అదే పొట్టి మాట ప్రాణం కూడా కాపాడగలదు. 2024 జూలై 18న తెలంగాణలోని గుమ్మడవల్లి దగ్గర పెదవాగు ప్రాజెక్టు కట్ట తెగి, కింద ఉన్న మన వేలేరుపాడు మండలం మీద నీళ్ళు పడ్డాయి. అలాంటి రాత్రి ‘కాపాడండి’ అని వందమందికి పంపినా పడవ రాదు. ఏ ఊరు, ఏ గట్టు, ఎంతమంది, వారిలో పిల్లలు, గర్భిణులు ఎందరు, ఏ నంబరుకు ఫోను చేయాలి అన్నవి ఉంటే ఒక్క సందేశమే చాలు.

ఒక హెచ్చరిక. అధికారి ఖాతాకు ట్వీట్ పెట్టడం అర్జీ కాదు. దానికి రసీదు ఉండదు. 1996 పీసా చట్టం, 2006 అటవీ హక్కుల చట్టం గ్రామసభకు అధికారం ఇచ్చాయి. ఆ తీర్మానం పుస్తకంలో ఉంటుంది, సంతకాలు ఉంటాయి. ట్వీట్ మన గొంతును దూరం వినిపిస్తుంది. హక్కును నిలబెట్టేది తీర్మానం. రెండూ చేద్దాం, రెండోది ముందు చేద్దాం. పైగా ఈ వేదికలు మన సొంత నేల కావు. తెలుగులో కూడా రాసుకోనిచ్చిన ‘కూ’ 2020లో వచ్చి 2024లో మూతపడింది. మన పాటలు, ఫోటోలు, పెద్దల మాటలు సంఘం దగ్గర కూడా ఒక ప్రతి ఉండాలి.

అందుకని ఈ సభలో నాలుగు నియమాలు ప్రతిపాదిస్తున్నాం. సంఘం పేరుతో పెట్టే ప్రతి మాటలో ఊరు, తేదీ ఉండాలి. చెప్పిన మనిషి ఎవరో సంఘానికి తెలిసి ఉండాలి. ఫోటో తీసేముందు అడగాలి. తెలియని కబురు వస్తే పంపినవారిని ‘నీకెవరు చెప్పారు?’ అని అడిగాకే ముందుకు పంపాలి.

వీటిలో చేర్చవలసినవి, మార్చవలసినవి ఉంటే పెద్దలు ఇప్పుడే చెప్పండి. కుర్రవాళ్ళూ మొహమాటపడకుండా లేచి మాట్లాడండి. ఈ ఫోను పని మాకంటే మీకే బాగా తెలుసు. 

జై ఆదివాసీ!