షేర్వానీ లోపలి కుట్టు

(ఇంటి దగ్గర కుట్టుపని చేసే స్త్రీల హక్కులపై జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కుట్టుపని అనగానే మనకి మిషను, దాని ముందు కూచున్న మనిషి గుర్తొస్తారు. నేనివాళ మిషను లేని కుట్టు గురించి మాట్లాడతాను. సూది, దారం, వేళ్ళు, కళ్ళు - ఇవే పెట్టుబడిగా ఉన్న పని అది. దానికి షేర్వానీని ఉదాహరణగా తీసుకుంటున్నాను.

షేర్వానీ హైదరాబాదుకి కొత్త కాదు. అంగర్ఖా, ఇంగ్లీషువాళ్ళ ఫ్రాక్ కోటు కలిసి 19వ శతాబ్దంలో ఈ రూపానికి వచ్చాయంటారు. నిజాం రాజ్యంలో ఉద్యోగులు, ఉస్మానియా విద్యార్థులు మతంతో నిమిత్తం లేకుండా దీన్ని వేసుకున్నారు. ఇప్పుడది ఎక్కువగా పెళ్ళికొడుకు బట్ట. దాని చరిత్ర రాసినవాళ్ళు నవాబుల గురించి రాశారు, పేరున్న దర్జీల గురించి కూడా రాశారు. లోపలి కుట్టు ఎవరు కుట్టారన్నది మాత్రం ఎవరికీ పట్టలేదు.

చేత్తో కుట్టే షేర్వానీ ఎలా తయారవుతుందో చూడండి. సుద్దతో గీసి కత్తిరించేది కటింగ్ మాస్టరు. ముక్కల్ని ముందు పొడుగాటి కచ్చా కుట్లతో కలిపి, మనిషి ఒంటికి వేసి చూసి, విప్పి, సరిచేసి మళ్ళీ కుడతారు. ఛాతీ దగ్గర పై గుడ్డకీ అస్తరుకీ మధ్య కాన్వాసు పెడతారు. దాన్ని ఏటవాలు టాకాలతో చేత్తోనే పట్టించాలి. గుడ్డని చేతిమీద కొద్దిగా వంచి పట్టుకుని కుడితేనే ఛాతీకి ఆ గుండ్రదనం వస్తుంది. ప్రతి టాకా పై గుడ్డలో ఒకటి రెండు పోగుల్నే పట్టాలి. ఎక్కువ పట్టిందా, బయటికి గుంటలా కనిపిస్తుంది. ఆ తర్వాత అస్తరు అంచులు, చేతుల చివర్లు, పక్క చీలికలు తుర్పాయి చెయ్యాలి.

చివరికి కాజాలు. షేర్వానీకి మెడ నుంచి నడుందాకా గుండీలే కదా! గుడ్డకి చీలిక కోసి, పోగులు ఊడకుండా అంచు చుట్టి, దాని వెంట లావు దారం పరిచి, టాకా టాకాకీ ముడి పడేట్టు దగ్గర దగ్గరగా కుట్టాలి. బ్లేడు ఒక్క నూలుపోగు ఎక్కువ కోసిందంటే ముందు భాగం మొత్తం పనికిరాదు. నల్లగుడ్డ మీద నల్లదారంతో, రాత్రిపూట, ఒక్క బల్బు కింద ఈ పని చెయ్యడమంటే ఏమిటో ఊహించండి.

నేను చూసినంతలో పై కుట్టు దుకాణంలో మగవాళ్ళు కుడతారు. తుర్పాయి, కాజాలు, గుండీలు మధ్యవర్తి సంచిలో ఆడవాళ్ళ ఇళ్ళకి వస్తాయి. దుకాణంలో పనిచేసేవాడు 'కారీగర్'. ఇంట్లో పనిచేసే ఆమెకి పేరే లేదు. ఆమెని అడిగితే ఆమె కూడా, "ఖాళీగా ఉన్నప్పుడు చేసుకుంటాం ఆపా" అంటుంది. వంటయ్యాక, పిల్లలు పడుకున్నాక, నిద్ర మానుకుని చేసే పనిని 'ఖాళీ' అనడం మనకి ఎవరు నేర్పారు? ఆడవాళ్ళ సమయానికి ఖరీదు లేదన్న పితృస్వామ్య భావం నుంచే పీస్ రేటు పుడుతోంది.

ఒక లెక్క వేద్దాం. కాజాకి 15 నిమిషాలు అనుకుంటే 8 కాజాలకి 2 గంటలు. ఇంటి చాకిరీ మధ్య రోజుకి 4 గంటలు దొరికితే 16 కాజాలు. 8 గంటల పనిదినానికి కనీస వేతనం ఎంతో తెలుసుకుని, దాన్ని 32తో భాగిస్తే ఒక్క కాజాకి రావలసిన కనీసపు కూలి తేలుతుంది. దారం, సూదులు, కరెంటు ఖర్చు దాని మీద అదనం. ఈ భాగహారం ప్రతి బస్తీలోనూ ఆడవాళ్ళతో కలిసి చెయ్యండి. మొదటిసారి లెక్క తేలినప్పుడు వాళ్ళ మొహాల్లో వచ్చే కోపం మన ఉపన్యాసాలకి రాదు.

"వాళ్ళు మా పనివాళ్ళు కాదు, మాకు సంబంధం లేదు" అని దుకాణదారు అంటాడు. దీనికి జవాబు మన న్యాయస్థానాల్లోనే ఉంది. ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం కింద వచ్చిన ఒక టైలరింగ్ దుకాణం కేసులో 1973లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అక్కడ అందరిదీ పీస్ రేటే. పనికి రాకపోతే చెప్పాల్సిన పని కూడా లేదు. కొందరు యజమాని అనుమతితో గుడ్డ ఇంటికి తీసుకెళ్ళేవాళ్ళు. అయినా వాళ్ళు ఉద్యోగులేనంది కోర్టు. ఎలా కుట్టాలో చెప్పడం, బాగా లేకపోతే తిరగ్గొట్టి మళ్ళీ కుట్టమనడం యజమాని అజమాయిషీకి గుర్తు అంది. 1985లో ఇళ్ళలో బీడీలు చుట్టేవాళ్ళ ప్రావిడెంట్ ఫండ్ కేసులోనూ ఈ తిరస్కరించే హక్కునే ఆధారం చేసుకుంది.

అంటే, "కాజా బాగా లేదు, విప్పి కుట్టు" అని వెనక్కి పంపిన ప్రతిసారీ దుకాణదారు తానే యజమానినని ఒప్పుకుంటున్నాడన్నమాట. ఇన్నాళ్ళూ మనని అవమానించిన ఆ మాటే మన చేతికి సాక్ష్యంగా వస్తోంది. అయితే మన ఆడవాళ్ళలో చాలామంది దుకాణం గడప తొక్కలేదు. మధ్యలో ఉన్న మనిషి చెప్పిన పేరే వాళ్ళకి తెలుసు. కాబట్టి సాక్ష్యాన్ని మనమే కూడబెట్టాలి.

ఇంటి దగ్గర పనిచేసేవారి శ్రమపై అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో 177వ ఒప్పందం చేసింది. జీతం విషయంలో వీళ్ళని మిగతా కార్మికులతో సమానంగా చూడమంది. భారతదేశం దాన్ని ఇంకా ఆమోదించలేదు. 2008 నాటి అసంఘటిత కార్మికుల చట్టం, 2020 నాటి సామాజిక భద్రతా కోడ్ ఇంటి దగ్గర పనిచేసేవాళ్ళని నిర్వచించాయి. 2021 నుంచి ఈ-శ్రమ్‌లో పేరు నమోదు చేసుకోవచ్చు. మంచిదే. కానీ ఇవి సంక్షేమ పథకాల దారి చూపిస్తాయి తప్ప, కాజాకి కూలి ఎంతో చెప్పవు.

అందుకని మూడు పనులు ప్రతిపాదిస్తున్నాను. ఒకటి, ప్రతి ఇంట్లో ఒక నోటుపుస్తకం ఉండాలి. ఏ తేదీన ఎన్ని వచ్చాయి, ఎవరు తెచ్చారు, ఎన్ని తిరగ్గొట్టారు, ఎంత ఇచ్చారు - అన్నీ రాయాలి. రాయలేకపోతే పిల్లలు రాస్తారు, గీతలైనా గియ్యొచ్చు. రెండు, ఒక వీధిలో వాళ్ళందరూ ఒకే రేటు చెప్పాలి. ఒక్కతే అడిగితే సంచి పక్కింటికి పోతుంది. మూడు, కాజా, తుర్పాయి, గుండీ వంటి చేతిపనులకి విడివిడిగా కనీస పీస్ రేట్లు ప్రకటించమని కార్మిక శాఖని కలిసికట్టుగా అడగాలి.

షేర్వానీ వేసుకున్నవాడికి లోపలి కుట్టు కనిపించదు. కనిపించకపోవడమే ఆ పనితనం. ఆ పని చేసిన మనిషి కూడా కనిపించకూడదని మాత్రం ఏ నియమమూ లేదు.