ఇంటి కొలువు – పరదేశపు కొలువు



మన తాతల కాలమున పరదేశపు కొలువన్నచో రంగూను, మలయాలే జ్ఞప్తికి వచ్చెడివి. విశాఖ, గోదావరి మండలముల నుండి వేలకొలది జనులు ఓడలెక్కి బర్మాకు పోయిరి. 1942లో జపాను సేనలు రంగూనును పట్టుకొన్నప్పుడు అనేకులు అడవి దారులవెంట కాలినడకను స్వదేశము చేరిరి. దారిలోనే ప్రాణములు విడిచినవారును కలరు. పోయిన బిడ్డ ఎవని క్రింద, ఏ కట్టుబాటుపై పనిచేయుచున్నాడో ఇంటివారికి తరచుగ తెలియకుండెడిది.

నేడు పరదేశపు కొలువులు రెండు విధములు. ఒకటి, అక్కడికి పోయి చేయునది. రెండవది, మన ఇంటనే కూర్చుండి అక్కడివారికి చేయునది. ఈ రెంటను గూర్చియు నేను నా ఇంటనే పాఠము నేర్చుకొంటిని. ఆ సంగతియే నేడు మనవి చేసెదను.

మా కోడలు ఇంటినుండియే అమెరికా ఆసుపత్రుల బిల్లుల లెక్కలు చూచును. గుమ్మము దాటనిది కొలువెట్లగునని నా తలపు. ఉదయము తొమ్మిది గంటలకు ఆమె నిద్రించుచుండగా, "పొద్దెక్కినది, ఇంకను లేవలేదా?" అని కేకలు వేసెడివాడను. వంటపని, చుట్టముల రాకపోకలు అన్నియు ఆమెపైననే పడెడివి. ఒకనాడు ఆమె పొయ్యియొద్దనే సొమ్మసిల్లి పడిపోయినది. వైద్యుడు చూచి, "జబ్బేమియు లేదు, నిద్ర లేదు" అనెను. ఆ మాటకు నేను తల వంచుకొంటిని.

పిమ్మట ఆమెనే అడిగి తెలిసికొంటిని. న్యూయార్కు నగరమున ఉదయము తొమ్మిది గంటలగునప్పటికి మనకు శీతకాలమున రాత్రి ఏడున్నర. మార్చి రెండవ ఆదివారము మొదలు నవంబరు మొదటి ఆదివారము వరకు అక్కడ గడియారములను ఒక గంట ముందునకు జరుపుదురు గనుక, ఆ నెలలలో మనకు సాయంత్రము ఆరున్నరయే. వారి పగలు ముగియుసరికి మనకు తెల్లవారుజామగును. అనగా ఆమెకు పగటి నిద్ర సోమరితనము కాదు. అదియే ఆమె రాత్రి.

ఆమె తలుపు మూసికొని పనిచేయుటయు నాకు కష్టముగ తోచెడిది. దానికిని కారణము కలదు. రోగుల వివరములను రహస్యముగ కాపాడవలెనని 1996 నాటి అమెరికా చట్టమును అనుసరించిన నియమములున్నవి. ఎన్నడును చూడని ఎవరి రోగ వృత్తాంతమో మా మూలగదిలోనికి వచ్చుచున్నది. దానిని కాపాడుట ఆమె బాధ్యత. ఆ గదిలోనికి పోకుండుట మా బాధ్యత.

ఇక రెండవ సంగతి. మా తమ్ముని కుమారుడు ఒక దళారి మాట నమ్మి సందర్శన వీసాపై దుబాయికి పోయెను. "అక్కడికి పోయిన పిమ్మట పని వీసాగా మార్చెదము" అని దళారి చెప్పెను. అప్పుపత్రముపై సాక్షి సంతకము చేసినవాడను నేనే. ఒప్పంద పత్రమేదియని అడుగవలెనని నాకు తోచలేదు. ఏడు నెలల పిమ్మట వాడు జీతము లేక, అప్పుతో తిరిగివచ్చెను. పత్రము లేనివాడు ఏ కచేరీలో ఏమి చూపి అడుగగలడు?

1983 నాటి ప్రవాస చట్టము ప్రకారము విదేశములకు పనివారిని పంపు ఏజెంటు ప్రభుత్వమున నమోదై యుండవలెను. పనివానినుండి అతడు తీసికొనదగిన రుసుము 30,000 రూపాయలు, దానిపై పన్ను మాత్రమే. పదవ తరగతి ఉత్తీర్ణులు కానివారు గల్ఫు దేశములకు కొలువునకు పోవుటకు ముందు సాధారణముగ ప్రవాస అనుమతి పొందవలెను. ఆ అనుమతితో కూడ ప్రవాసి భారతీయ బీమా వచ్చును. ప్రమాదమున మరణించినను, శాశ్వతముగ అంగవైకల్యము కలిగినను 10 లక్షల రూపాయలు లభించును. సందర్శన వీసాపై పోయినవానికి ఈ రక్ష లేదు.

కనుక పెద్దలకు నా మనవి యొక్కటే. కొలువు ఇంటనున్నను, సముద్రమునకు ఆవలనున్నను, దానికి వేళ యుండును, యజమాని యుండును, పత్రముండును. వేళను మన్నింపుడు. యజమాని ఎవరో తెలిసికొనుడు. పత్రమును బిడ్డచేత చదివించుకొని, ఒక నకలు ఇంటిపెట్టెలో భద్రపరచుడు. పొలము కొనునప్పుడు దస్తావేజు చూడక సొమ్మీయని మనము, బిడ్డ జీవితము విషయమున చూడకుండుట న్యాయమా?

ఇప్పుడు మా ఇంట ఉదయము పదకొండు గంటల వరకు ఎవరును బిగ్గరగ మాటాడరు. మా తమ్ముని కుమారుడు మరల విదేశమునకు పోవ యత్నించుచున్నాడు. ఈమారు పత్రము చదివిన పిమ్మటనే సంతకము చేసెదనని వానితో చెప్పితిని.

సెలవు.