కూర్చుండుట కూడా శ్రమయే
(ప్లాటినమ్ జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఒకప్పుడు హూడిలో శ్రమ అనగానే పొలం పని గుర్తుకు వచ్చేది. 1990ల దశకంలో చేరువనే ఇంటర్నేషనల్ టెక్ పార్కు వెలసిన తరువాత శ్రమ రూపం మారింది. ఎండ లేదు, మూపున బరువు లేదు. అయినను సాయంకాలానికి మెడ బిగిసి, నడుము పట్టి, చేతులు తిమ్మిరెక్కి ఇల్లు చేరేవారు అనేకులు. కూర్చుని చేసే ఉద్యోగానికి నొప్పులేమిటని పెద్దలు ఆశ్చర్యపడుతుంటారు.

ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రామజ్జీని వృత్తివ్యాధులపై తాను రచించిన గ్రంథాన్ని 1713లో విస్తరించి, లేఖకుల బాధలకు మూడు కారణాలు చూపాడు: ఎడతెగక కూర్చుండుట, చేతిని ఒకే తీరున ఆడించుట, తప్పు దొర్లరాదనే మనోవ్యగ్రత. కలం పోయి కంప్యూటరు వచ్చినా కారణాలు మారలేదు.

కండరం ముడుచుకొని విడివడుతుంటే దానికి రక్తం చక్కగా అందుతుంది. ఒకే భంగిమలో బిగిసి ఉంటే రక్తప్రసారం తగ్గి అలసట పేరుకుంటుంది. వెన్నుపూసల నడుమనున్న మెత్తని బిళ్ళల పోషణకు శరీర చలనం తోడ్పడుతుంది. కనుక ఎంత ఖరీదైన కుర్చీ అయినా కదలికకు బదులు కాజాలదు.

కంప్యూటరు తెర పైఅంచు కంటి ఎత్తున, చేయి చాచినంత దూరంలో ఉండాలి. నడుముకు ఆనుడు ఉండాలి. పాదాలు నేలకు అందకుంటే ఇంటిలోని పీటయే చాలు. ల్యాప్‌టాప్‌ను పుస్తకాలపై ఎత్తిపెట్టి, విడి కీబోర్డు వాడుట మేలు. అర్ధగంటకొకసారి లేచి నాలుగడుగులు వేయాలి. తిమ్మిరి, చేతి బలహీనత వదలకుంటే వైద్యుని సంప్రదించాలి.

అయితే ఈ అలవాటుకు పునాది తరగతి గదిలోనే పడుతుంది. కదలక కూర్చున్న పిల్లవాడే బుద్ధిమంతుడని తరతరాలుగా బడులు మెచ్చుకున్నాయి. ఒకే కొలత బల్లపై పొట్టి పిల్లకు కాళ్ళు వేలాడుతాయి. పొడుగు పిల్లవాడికి వీపు వంగుతుంది. 5 నుండి 17 ఏళ్ళ పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల చురుకైన శరీర శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. పరీక్షలు దగ్గరపడగానే ఆటల పీరియడును లెక్కలకు అప్పగించే బడి ఆ అవసరాన్ని ఎట్లు తీర్చగలదు?

కావున ఉపాధ్యాయులు ప్రతి పీరియడు చివర పిల్లలను ఒక నిమిషం నిలబెట్టి ఒళ్ళు విరుచుకోనివ్వాలి. తల్లిదండ్రులు ఆటను కాలహరణమని తలపరాదు. బడికి ఏదైనా కానుక ఇవ్వదలచిన పూర్వ విద్యార్థులు రెండు మూడు ఎత్తుల బల్లలు చేయించి ఇస్తే, నేటి పిల్లల వెన్నుకు అది చిరకాలపు మేలు అవుతుంది.